కెమెరా కలిపినా కంప్యూటర్ గుర్తించడం లేదా? ఎంతదాకా వచ్చి ఆగిందో చూడండి

"కంప్యూటర్ నా కెమెరాని గుర్తించడం లేదు" అనే ఒక్క ఫిర్యాదు కింద అసలు సంబంధమే లేని సమస్యలు చాలా దాక్కుని ఉంటాయి. ఒకరు కేబుల్ పెడితే కంప్యూటర్ ఉలకదు, పలకదు. ఇంకొకరికి టింగుమని చప్పుడు వస్తుంది కానీ ఏ ఫోల్డరూ తెరుచుకోదు. మరొకరికి కెమెరా పేరు చక్కగా కనిపిస్తుంది, లోపలికి వెళ్తే ఖాళీ. ఇంకా ఒకరికి ఫైళ్లన్నీ వరసగా కనిపిస్తాయి, ఒక్కటీ తెరుచుకోదు. అందరూ చెప్పేది "గుర్తించడం లేదు" అనే. అందరికీ దొరికే సలహా కూడా ఒకటే: కేబుల్ మార్చండి, డ్రైవర్ (పరికరంతో కంప్యూటర్ మాట్లాడటానికి వాడే చిన్న ప్రోగ్రామ్) మళ్లీ వేయండి, రీస్టార్ట్ చేయండి. ఆ సలహా కొందరికి తగులుతుంది, మిగతావాళ్లు సాయంత్రమంతా దానితోనే కూర్చుంటారు.

కెమెరా నుంచి ఫొటో కంప్యూటర్ తెరమీదకి రావాలంటే కొన్ని మెట్లు దాటాలి. ముందు తీగల్లో కరెంటు, సిగ్నల్ నడవాలి. తర్వాత కెమెరా తానెవరో చెప్పుకోవాలి. ఆ పైన ఇద్దరికీ తెలిసిన ఒక పద్ధతిలో ఫొటోల జాబితా అందాలి. కార్డులోని ఫైళ్ల అమరిక అర్థం కావాలి. చివరికి ఆ ఫైలుని తెరిచే ప్రోగ్రామ్ ఉండాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే చేయాల్సిన పని ఒకటో రెండో మిగులుతుంది. అది తెలుసుకోవడానికి పెద్ద సాంకేతిక జ్ఞానం అక్కర్లేదు, కొంచెం ఓపికగా గమనిస్తే చాలు.

అంతకంటే ముందు ఒక మాట. మీ ఫొటోలు మెమరీ కార్డులో ఉన్నాయి. కనెక్షన్ కుదరనంత మాత్రాన వాటికేమీ కాదు. టెన్షన్‌లో మనం చేసే పనుల వల్లే అవి పోతుంటాయి. కాబట్టి ఫొటోలు అర్జెంటుగా కావాలంటే కెమెరా ఆఫ్ చేసి, కార్డు బయటికి తీసి, కార్డు రీడర్‌లో పెట్టండి. చాలామంది దీన్ని దొడ్డిదారి అనుకుంటారు. నా దృష్టిలో ఇదే సరైన దారి, కెమెరా బాగా పనిచేస్తున్న రోజుల్లో కూడా. బ్యాటరీ ఖర్చు కాదు, మధ్యలో కెమెరా ఆగిపోతుందన్న భయం ఉండదు, చాలా సందర్భాల్లో వేగం కూడా ఎక్కువ. పైగా ఇది ఒక మంచి పరీక్ష. రీడర్‌లో ఫొటోలు కనిపించాయంటే కార్డు మీద, ఫైళ్ల మీద అనుమానం పోయినట్టే. ఇక గొడవంతా కెమెరాకీ కేబుల్‌కీ కంప్యూటర్‌కీ మధ్యే.

ఇప్పుడు మొదటి మెట్టు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, అంటే 5 వోల్టులు మోసేది ఒకటి, గ్రౌండ్ ఒకటి. మిగతా రెండూ డేటాకి. ఛార్జింగ్ కోసమే చవగ్గా తయారుచేసిన కొన్ని కేబుళ్లలో ఆ డేటా తీగలు అసలుండవు. బయటినుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు. కెమెరాలో ఛార్జింగ్ లైటు వెలుగుతుంది, "కేబుల్ బాగానే ఉంది కదా" అనుకుంటాం. వెలిగిన లైటు కరెంటు తీగల గురించే చెబుతుంది, డేటా తీగల గురించి ఏమీ చెప్పదు. తేల్చుకోవడం తేలిక: అదే కేబుల్ మీ ఫోన్‌కి సరిపోయేదైతే దాంతో ఫోన్ నుంచి ఒక ఫైలు కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి. ఫోన్ తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకున్నాక కూడా ఛార్జింగ్ తప్ప ఇంకేమీ జరగకపోతే తప్పు చాలావరకు కేబుల్‌దే.

కెమెరాల కేబుళ్లలో ఇంకో చిక్కుంది. పాత కెమెరాల్లో మినీ యూఎస్‌బీ, తర్వాత మైక్రో, ఇప్పుడు టైప్-సీ. ఇవి కాక కంపెనీల సొంత సాకెట్లు కూడా ఉండేవి. నికాన్ చిన్న కెమెరాలు చాలావాటికి ఇచ్చిన యూసీ-ఈ6 కేబుల్ చూడటానికి మినీ యూఎస్‌బీలాగే ఉంటుంది, కానీ అందులో 8 పిన్నులు. మామూలు మినీ యూఎస్‌బీలో 5. పోలికలున్నాయి కదా అని ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చకండి, లోపలి పిన్నులు వంగితే రిపేరు తప్పదు. టైప్-సీ వచ్చాక ఈ గందరగోళం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. రెండువైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌లో, అవతల పరికరం కలిసిందని తెలిపే రెసిస్టర్లు (కరెంటుని కొంత అడ్డుకునే చిన్న భాగాలు) పరికరం వైపు ఉంటేనే కంప్యూటర్ కరెంటు వదులుతుంది. ఆ రెసిస్టర్లు సరిగా పెట్టని పరికరాలు కొన్ని ఉన్నాయి. అవి పాత చదునైన యూఎస్‌బీ పోర్టు నుంచి వచ్చే కేబుల్‌తో పనిచేస్తాయి, రెండు చివరలా టైప్-సీ ఉన్నదాంతో చేయవు. కేబుల్ కొత్తది, ఖరీదైనది అయినా సరే.

కేబుల్ బాగుందని తేలాక కెమెరా వైపు చూడండి. కెమెరా ఆన్‌లో ఉందా? బ్యాటరీ ఉందా? కంప్యూటర్ నుంచి కరెంటు తీసుకోని కెమెరాలు చాలా ఉన్నాయి. అలాంటివి బ్యాటరీ అయిపోతే కాపీ మధ్యలోనే మాయమవుతాయి. వాడకుండా ఉంచితే తనంతట తానే ఆగిపోయే సెట్టింగ్ ఉంటే దాన్ని కాసేపు ఆపేయండి. కెనాన్ వాళ్ల చాలా మోడళ్లలో వైఫై ఆన్ చేసి ఉంటే కేబుల్ కనెక్షన్ పనిచేయదు. ఇది మాన్యువల్‌లో ఉంటుంది, కానీ కేబుల్ పెట్టేముందు మాన్యువల్ తిరగేసేవాళ్లు తక్కువ. ఎప్పుడో ఫోన్‌కి ఫొటోలు పంపడానికి వైఫై ఆన్ చేసి వదిలేస్తాం, నెలల తర్వాత కేబుల్ పెడితే కంప్యూటర్ మాట్లాడదు. వైఫై ఆపితే సమస్య అక్కడితో తీరిపోతుంది.

రెండో మెట్టు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే జనం ఎక్కువ సమయం వృథా చేసుకునేది ఇక్కడే. కెమెరా కలిపిన క్షణంలో తెర వెనక ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. కెమెరా తన రెండు డేటా తీగల్లో ఒకదాన్ని ఒక రెసిస్టర్ ద్వారా పైకి లాగుతుంది, అంటే ఆ తీగ మీద వోల్టేజీ కాస్త పెరుగుతుంది. కంప్యూటర్‌కి తెలిసే మొదటి కబురు అదే: ఎవరో వచ్చారు. వచ్చినవాళ్లెవరో ఇంకా తెలియదు. కనెక్షన్ కుదురుకోవడానికి కనీసం 100 మిల్లీసెకన్లు ఆగి, లైనుని రీసెట్ చేసి, "నువ్వెవరు?" అని అడుగుతుంది. కెమెరా 18 బైట్ల చిన్న సమాచారం పంపాలి. దాన్ని డివైస్ డిస్క్రిప్టర్ అంటారు. అందులో తయారీ కంపెనీ నంబరు, మోడల్ నంబరు ఉంటాయి. నికాన్‌దైతే కంపెనీ నంబరు 04బీ0, కెనాన్‌దైతే 04ఏ9. ఈలోపే కంప్యూటర్ ఆ కెమెరాకి ఒక అడ్రస్ కూడా కేటాయిస్తుంది. ఆ నంబర్లూ, అది ఏ తరగతి పరికరమో చెప్పే వివరాలూ అందిన తర్వాతే ఏ డ్రైవర్ వాడాలో వెతుక్కుంటుంది.

ఈ వరస గుర్తుంటే విండోస్‌లో కనిపించే ఒక మెసేజ్ అర్థం మారిపోతుంది. "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని, పక్కన కోడ్ 43 అని వస్తుంది. వెంటనే మనం డ్రైవర్ కోసం వెతుకుతాం. కానీ అది చెప్పేదేమిటి? ఎవరో వచ్చారని తెలిసింది, ఎవరని అడిగితే సరైన జవాబు రాలేదు. కెమెరా పేరే తెలియనప్పుడు కెమెరా డ్రైవర్ ప్రసక్తి ఎక్కడిది? మీరు ఎన్నిసార్లు డ్రైవర్ తీసి మళ్లీ వేసినా ఫలితం ఉండదు. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది ముందుగా కేబుల్‌ని, తర్వాత పోర్టుని, మధ్యలో ఉన్న హబ్‌ని (ఒక పోర్టుకి చాలా పరికరాలు కలపనిచ్చే డబ్బా), కెమెరా సాకెట్‌ని. యూఎస్‌బీ 2.0 సెకనుకి 480 మెగాబిట్ల వేగంతో నడుస్తుంది. నెమ్మది పనులకి సరిపోయే నాసిరకం కేబుల్ ఆ వేగం దగ్గర సిగ్నల్‌ని పాడుచేస్తుంది. 5 మీటర్లకి మించిన కేబుల్, ఎక్స్‌టెన్షన్ల మీద ఎక్స్‌టెన్షన్లు తగిలించిన వరస ఇక్కడ పనికిరావు. కురచ కేబుల్ తీసుకుని, హబ్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టుకి పెట్టండి. అది మదర్‌బోర్డు మీదే ఉంటుంది. ముందువైపు పోర్టు డబ్బా లోపల ఇంకో తీగ మీదుగా వస్తుంది, ఆ తీగ వదులైనా ఇదే కథ.

ఈ గమనింపు ఎలా చేయాలంటే, విండోస్‌లో డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌కి ఉన్న పరికరాల జాబితా) తెరిచి ఉంచి, దాన్ని చూస్తూ కెమెరా కలపండి. కలిపిన క్షణంలో జాబితా ఒకసారి కదిలి మళ్లీ నిలబడుతుందా? కదలకపోతే మొదటి మెట్టే దాటలేదు: కేబుల్, సాకెట్, కెమెరా సెట్టింగ్. కదిలి "అన్‌నోన్" అని వస్తే రెండో మెట్టు, ఇప్పుడే చెప్పుకున్నది. కెమెరా పేరు వచ్చి పక్కన పసుపు గుర్తు, కోడ్ 28 ఉంటే అప్పుడు నిజంగానే డ్రైవర్ లేదు. అప్పుడు డ్రైవర్ వేయండి, పని అవుతుంది. ఏ గుర్తూ లేకుండా పోర్టబుల్ డివైసెస్ కింద కెమెరా పేరు కనిపిస్తుంటే గుర్తించడంలో లోపమేమీ లేదు, మీరు ఫొటోలు వెతుకుతున్న చోటే వేరు. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని యూఎస్‌బీ విభాగం, లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇదే సంగతి చెబుతాయి. యాపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్ ల్యాప్‌టాప్‌లలో 2022లో వచ్చిన వెంచురా నుంచి ఇంకొకటి చేరింది: కొత్త పరికరం పెడితే అనుమతివ్వాలా అని అడుగుతుంది. చూడకుండా వద్దని నొక్కేస్తే కెమెరాకి ఛార్జింగ్ ఎక్కుతుంది, డేటా మాత్రం రాదు.

మూడో మెట్టు దగ్గర అసలు చెడిపోయిందేమీ ఉండదు, అయినా ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. కెమెరా ఫొటోలు అందించే పద్ధతులు రెండున్నాయి. మొదటిది మాస్ స్టోరేజ్. రెండోది పీటీపీ, దాని తమ్ముడిలాంటి ఎంటీపీ. మాస్ స్టోరేజ్ అంటే లైబ్రరీ తాళంచెవులు మీ చేతికిచ్చి వెళ్లిపోవడం. పీటీపీ అంటే లైబ్రేరియన్ కౌంటర్ దగ్గరే కూర్చుని, మీరడిగిన పుస్తకం లోపల్నుంచి తెచ్చివ్వడం. మొదటి పద్ధతిలో కార్డు మొత్తం కంప్యూటర్ అధీనంలోకి వెళ్తుంది. దానికొక డ్రైవ్ అక్షరం వస్తుంది, పెన్‌డ్రైవ్‌లా ఏమైనా చేసుకోవచ్చు. కానీ అదే సమయంలో కెమెరా కూడా కార్డు మీద రాస్తే ఫైళ్ల పట్టిక చెడిపోతుంది. ఒక కార్డుకి ఇద్దరు యజమానులు కుదరదు. పీటీపీలో యజమాని ఎప్పుడూ కెమెరానే. కంప్యూటర్ జాబితా అడుగుతుంది, ఫలానా ఫొటో పంపమంటుంది, కెమెరా పంపుతుంది. అందుకే కంప్యూటర్ నుంచి కెమెరాని నడిపిస్తూ ఫొటోలు తీయడం ఈ పద్ధతిలోనే సాధ్యమైంది.

దీనివల్ల జరిగేది ఏమిటంటే, పీటీపీలో ఉన్న కెమెరాకి డ్రైవ్ అక్షరం రాదు. ఈ: డ్రైవో ఎఫ్: డ్రైవో వస్తుందని ఎదురుచూస్తూ "గుర్తించలేదు" అని తేల్చేసుకుంటాం. విండోస్‌లో అది దిస్ పీసీ కింద అక్షరం లేని పరికరంగా ఉంటుంది. మ్యాక్‌లో ఫైండర్‌లో కనిపించనే కనిపించదు. ఇమేజ్ క్యాప్చర్ అనే యాప్‌లోనో ఫొటోస్‌లోనో తెరవాలి. మ్యాక్‌తో పాటే వచ్చే ఇమేజ్ క్యాప్చర్ పేరు కూడా చాలామందికి తెలియదు, అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ సమస్యకి అంత సూటిగా పనికొచ్చే యాప్ ఇంకోటి లేదు. డిలీట్ అయిన ఫొటోలు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు కెమెరాని చూపించకపోవడానికి కారణం కూడా ఇదే. వాటికి కార్డు మొత్తం చేతికి కావాలి, పీటీపీ అది ఇవ్వదు. ఆ పనికి కార్డు రీడర్ తప్పనిసరి.

సోనీ కెమెరాలు చాలావాటిలో ఈ ఎంపిక మెనూలోనే ఉంటుంది: మాస్ స్టోరేజ్, ఎంటీపీ, పీసీ రిమోట్. పీసీ రిమోట్‌లో వదిలేసి ఫొటోల కోసం వెతికితే దొరకవు, అది కంప్యూటర్ నుంచి షట్టర్ నొక్కడానికి పెట్టిన పద్ధతి. అదే మెనూలో యూఎస్‌బీ ఎల్‌యూఎన్ సెట్టింగ్ అని ఒకటుంటుంది. మామూలుగా మల్టీలో ఉండేదాన్ని, కనెక్షన్ కుదరనప్పుడు సింగిల్‌కి మార్చి చూడటం మేలు. ఈమధ్య వచ్చిన కెమెరాలు చాలావాటిలో వెబ్‌క్యామ్‌లా పనిచేసే మోడ్ కూడా ఉంది. అందులో ఉంచితే కంప్యూటర్ దాన్ని వీడియో కెమెరాగానే చూస్తుంది, కార్డు ఊసే ఎత్తదు. కాబట్టి కేబుల్ పెట్టాక కెమెరా వెనక తెర మీద ఏం అడుగుతోందో చూడటం మరిచిపోవద్దు.

విండోస్‌లో ఎన్ అనే అక్షరంతో వచ్చే ఎడిషన్లున్నాయి. వాటిలో మీడియాకి సంబంధించిన భాగాలు తీసేసి ఉంటాయి. వాటితో పాటు ఎంటీపీ కూడా పోతుంది. అలాంటి కంప్యూటర్‌లో మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకునేదాకా కెమెరా గానీ ఫోన్ గానీ సరిగా రావు, ఎన్ని కేబుళ్లు మార్చినా సరే. సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ తెరిస్తే మీది ఏ ఎడిషనో తెలుస్తుంది.

ఇంకో రకం ఇబ్బంది: పీటీపీ కెమెరాని ఒకేసారి రెండు ప్రోగ్రాములు పట్టుకోలేవు. లినక్స్ డెస్క్‌టాప్‌లో కెమెరా పెట్టగానే ఫైల్ మేనేజర్ దాన్ని తీసేసుకుంటుంది. తర్వాత మీరు కెమెరాల నుంచి ఫొటోలు దించే జీఫొటో2 అనే ప్రోగ్రామ్ నడిపితే "పరికరాన్ని పట్టుకోలేకపోయాను" అన్నట్టు ఎర్రర్ ఇస్తుంది. ఫైల్ మేనేజర్‌లో అన్‌మౌంట్ చేసి, అంటే కెమెరాని దాని చేతిలోంచి విడిపించి, మళ్లీ నడపండి. విండోస్‌లో, మ్యాక్‌లో కూడా ఫొటో ఇంపోర్ట్ కిటికీ, కెమెరా కంపెనీ ప్రోగ్రామ్ ఒకదాని మీద ఒకటి పోటీ పడుతుంటే ఒకటి మూసేయండి.

నాలుగో మెట్టు కార్డు. రీడర్ పాతదైతే కొత్త కార్డు చదవలేకపోవచ్చు. ఎస్‌డీ కార్డుల్లో 2 జీబీ దాకా ఒక రకం, అక్కణ్నించి 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన 2 టీబీ దాకా ఎస్‌డీఎక్స్‌సీ. ఆకారం అన్నిటికీ ఒకటే, అందుకే ఈ తేడా మన కంటికి ఆనదు. ఎస్‌డీహెచ్‌సీ కాలంనాటి రీడర్‌లో 64 జీబీ కార్డు పెడితే రీడర్‌కి అర్థం కాకపోవచ్చు. ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతితో వస్తాయి, అది తెలియని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు కార్డుని ఖాళీదిగానో పాడైందిగానో చూస్తాయి.

అప్పుడే ఆ ప్రమాదకరమైన మెసేజ్ వస్తుంది: ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? దయచేసి వద్దని నొక్కండి. కార్డు పాడైందని కంప్యూటర్ చెప్పడం లేదు, తనకు చదవడం రావడం లేదని చెబుతోంది. కార్డు మళ్లీ కెమెరాలో పెట్టి ఫొటోలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపిస్తే రీడరో కంప్యూటరో మార్చాలి, కార్డు కాదు. కెమెరాలో కూడా కనిపించకపోతే ఆ కార్డు మీద ఇంకేమీ రాయకండి, కొత్త ఫొటోలు అసలే వద్దు. చెక్‌డిస్క్ లాంటి రిపేరు కమాండ్లు కూడా కార్డు మీద ఉన్నదాన్ని మారుస్తాయి. కాబట్టి ముందు ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ఉన్నవి బయటికి తీసి వేరే డిస్క్‌లో పెట్టుకోండి. ఫొటోరెక్ ఫైళ్ల పట్టికని నమ్ముకోదు, కార్డు మీద బొమ్మల ఆనవాళ్లని నేరుగా వెతుకుతుంది. పేర్లు పోతాయి, బొమ్మలు చాలావరకు దక్కుతాయి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఒకటుంది. ఫొటోలు కంప్యూటర్‌లో కనిపిస్తాయి, కెమెరాలో కనిపించవు. కెమెరాలు డీసీఐఎం అనే ఫోల్డర్‌లో, ఒక నిర్ణీత పద్ధతిలో పెట్టిన పేర్లనే వెతుకుతాయి. మీరు కంప్యూటర్‌లో ఫోల్డర్ పేరు మార్చారంటే కెమెరాకి అవి లేనట్టే.

చివరి మెట్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఫైళ్లు కాపీ అయి తెరుచుకోకపోతే అది కనెక్షన్ సమస్య కాదు. సీఆర్3, ఎన్ఈఎఫ్, ఏఆర్‌డబ్ల్యూ అని ముగిసే పేర్లు రా ఫైళ్లవి, అంటే కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచిన ఫొటోలవి. కెమెరా కొత్తదైతే దాని రా ఫైళ్లు తెరవడానికి ఫొటో ప్రోగ్రామ్‌ని కూడా అప్‌డేట్ చేయాల్సి ఉంటుంది. విండోస్‌లో రా ఇమేజ్ ఎక్స్‌టెన్షన్ ఉచితంగా దొరుకుతుంది.

మరీ పాత కెమెరాల సంగతి వేరు. పీటీపీ ప్రమాణం 2000లో వచ్చింది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ దాన్ని సొంతంగా అర్థం చేసుకుంది. అంతకు ముందువి చాలావరకు తమ కంపెనీ డ్రైవర్ మీద ఆధారపడేవి. ఆ డ్రైవర్లు 32 బిట్ విండోస్ కోసం రాసినవి. ఇప్పటి 64 బిట్ విండోస్ వాటిని తీసుకోదు. వాటి కోసం గంటలు గంటలు వెతికి, ఎవరో తెలియనివాళ్లు పెట్టిన ఫైళ్లు దించుకోవడం మంచిది కాదు. ముందు కార్డు రీడర్ చూడండి. కార్డు లేని, లోపలి మెమరీ మాత్రమే ఉన్న కెమెరా అయితే లినక్స్‌లో జీఫొటో2 ప్రయత్నించండి. చాలా పాత మోడళ్లకి అందులో మద్దతుంది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే, అదే కెమెరా, అదే కేబుల్ ఇంకో కంప్యూటర్‌కి పెట్టండి. ఒకసారికి ఒకటే మార్చండి. రెండు మూడు కలిపి మారిస్తే పని అయినా ఎందుకైందో తెలియదు. అక్కడ పనిచేస్తే తప్పు మీ కంప్యూటర్‌ది. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలు చూపించమని చెప్పి, కెమెరా పాత ఎంట్రీ అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ కలపండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే బయటి స్టోరేజీని ఐటీ విభాగమే ఆపి ఉండొచ్చు, అది మీ చేతిలో లేదు.

రెండు కంప్యూటర్లలో, రెండు మంచి కేబుళ్లతో కూడా కెమెరా పలకకపోతే మిగిలింది కెమెరా సాకెట్. టార్చి వేసి లోపలికి చూడండి. పిన్నులున్న నాలుక నిటారుగా, మధ్యలో ఉండాలి. ఒక పక్కకి ఒరిగినా, పిన్ను వంగినా, కేబుల్ కొద్దిగా కదిపినప్పుడు కనెక్షన్ వచ్చి పోతున్నా సాకెట్ దెబ్బతిందనో, బోర్డు మీద దాని అతుకు వదులైందనో అర్థం. సూదులతో గీకి బాగుచేయాలని చూడకండి. సాకెట్ మార్చడమంటే కెమెరా విప్పి, బోర్డు బయటికి తీసి చేయాల్సిన పని. ఫొటోలు కాపీ చేసుకోవడానికి మాత్రమే ఆ సాకెట్ వాడేవాళ్లు రిపేరు మాట వదిలేసి, మంచి కార్డు రీడర్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. బ్యాటరీ కెమెరాలోనే ఛార్జ్ చేసుకునేవాళ్లు మాత్రం విడి ఛార్జర్ కూడా తీసుకోవాలి. కంప్యూటర్ నుంచి కెమెరా నడిపేవాళ్లకి, వెబ్‌క్యామ్‌గా వాడేవాళ్లకి సాకెట్ లేకపోతే గడవదు, వాళ్లు సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాల్సిందే. ఇచ్చేముందు కార్డు బయటికి తీసి దగ్గర పెట్టుకోండి.